ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్‌కి మోడల్ కావాలా, కావాలంటే ఏది? చేత్తో రాసే సీ నుంచి స్కేడ్ దాకా ఒక పోలిక

పరికరాల లోపలి చిప్‌లో నడిచే ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ కొత్తగా మొదలైన మొదటి వారంలోనే టీమ్ రెండు ముక్కలవుతుంది. "మోడల్ గీద్దాం, కోడ్ టూలే రాసిపెడుతుంది" అని ఒక పక్క. "సీ భాషలో కోడ్ రాయడం వచ్చినవాడికి ఈ బొమ్మలెందుకు" అని ఇంకో పక్క. జాగ్రత్తగా వింటే ఇద్దరూ కిందటిసారి తాము చేసిన ప్రాజెక్ట్ గురించే వాదించుకుంటూ ఉంటారు. ఒకాయన మోటార్ కంట్రోల్ చేసి వచ్చాడు, ఇంకొకాయన ప్రోటోకాల్ స్టాక్ రాసి వచ్చాడు. ఎవరి అనుభవం మేరకు వాళ్లు చెప్పేది నిజమే. చిక్కల్లా ఇప్పుడు చేతిలో ఉన్న పని ఆ రెండింటిలో ఏదీ కాకపోవడమే.

ఎంపికలోకి దిగేముందు మాట ఒకటి తేల్చుకోవాలి. "మోడల్" అనే ఒక్క పేరుతో మనం మూడు వేరువేరు వస్తువులను పిలుస్తున్నాం. మొదటిది కోడ్ పుట్టించే మోడల్: దాన్ని మారిస్తే చిప్‌లోకి వెళ్లే బైనరీ మారుతుంది. రెండోది అమరిక చెప్పే మోడల్: ఏ టాస్క్ ఏ ప్రాసెసర్ మీద నడవాలి, ఏ సందేశం ఏ బస్ మీద ఎన్ని మిల్లీసెకన్లలో చేరాలి అన్నది అందులో ఉంటుంది. మూడోది తప్పు వెతకడానికి రాసుకునే మోడల్. దాన్నుంచి కోడ్ రాదు, "ఇలా జరిగే అవకాశం ఎక్కడైనా ఉందా" అన్న ప్రశ్నకు జవాబు వస్తుంది. కోడ్ పుట్టించే సిమ్యులింక్ మంచిదా, అమరిక గీసే సిస్‌ఎంఎల్ మంచిదా అని అడిగేవాళ్లు మొదటిదాన్నీ రెండోదాన్నీ ఒకే తక్కెడలో పెడుతున్నారు. ఇంటి ప్లాన్‌కీ తాపీకీ పోటీ పెట్టినట్టు ఉంటుంది అది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

కష్టం ఎక్కడుంది? మీ సిస్టమ్‌లో నిద్ర పట్టనివ్వని భాగం ఏది? లెక్కలా, అంటే ఫిల్టర్లు, కంట్రోల్ లూప్‌లా? మోడ్‌లా, అంటే స్టార్ట్, స్టాప్, ఫాల్ట్, రికవరీ లాంటి దశల చిక్కుముడా? టైమింగా? పదిమంది రాసిన భాగాలను ఒకచోట కలపడమా? నాలుగింటికీ నాలుగు రకాల మందులున్నాయి. అన్నిటికీ పనికొచ్చే మందంటూ ఎవరైనా అమ్మితే కాస్త ఆగండి.

టూల్ పుట్టించిన కోడ్‌ని ఎవరైనా చేత్తో ముట్టుకుంటారా? నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. నేను ఒకచోట పనిచేస్తున్నప్పుడు, కస్టమర్ డెమోకి ముందు రాత్రి కరెంట్ లిమిట్ సరిగ్గా పడట్లేదని తేలింది. మోడల్ తెరవడానికి లైసెన్స్ ఖాళీ లేదు, అందరికీ టెన్షన్. మా కుర్రాడొకడు జనరేట్ అయిన సీ ఫైల్‌లోనే ఒక పోలిక గుర్తు మార్చి బిల్డ్ చేశాడు. డెమో బ్రహ్మాండంగా జరిగింది. మూడు వారాల తర్వాత వేరే మార్పు కోసం ఇంకొకరు మోడల్ నుంచి కోడ్ మళ్లీ తీశారు. ఆ గుర్తు చడీచప్పుడు లేకుండా పాత స్థితికి వెళ్లిపోయింది. రెండు బోర్డులు కాలాక గానీ విషయం బయటపడలేదు. తప్పు ఆ కుర్రాడిదని నేను ఇప్పటికీ అనుకోను. మోడల్ తెరిచే దారి లేని చోట ఎవరైనా అదే చేస్తారు.

కాబట్టి కొనేముందు అడగాల్సింది ఇది: మోడల్‌ని రోజూ తెరిచి మార్చే మనుషులు, సరిపడా లైసెన్సులు, ఆ అలవాటు మీ దగ్గర ఉన్నాయా? లేకపోతే ఆరు నెలల్లో మోడల్ గోడ మీద పటం అవుతుంది, కోడ్ తన దారిన తను పోతుంది.

సర్టిఫికేషన్ ఉందా? విమానాలకు డీఓ-178సీ, కార్లకు ఐఎస్ఓ 26262, సాధారణ పరిశ్రమకు ఐఈసీ 61508. ఈ భద్రతా ప్రమాణాల్లో ఏదైనా మీ ప్రాజెక్ట్‌కి వర్తిస్తే కోడ్ రాయడం పనిలో చిన్న వాటా, రుజువులు చూపించడం పెద్ద వాటా. అప్పుడు టూల్ ఖరీదు లెక్కే మారిపోతుంది.

చిప్ ఎంత చిన్నది? ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ (దశాంశ లెక్కలు చేసే భాగం) ఉందా, ర్యామ్ ఎన్ని కిలోబైట్లు, ఆర్‌టీఓఎస్ (టాస్కులను సమయానికి నడిపే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) ఉందా లేదా.

డిఫ్ (రెండు వెర్షన్ల తేడా చూడటం), మెర్జ్ (ఇద్దరి మార్పులు కలపడం) ఎలా? ఇద్దరు ఒకేరోజు ఒకే మోడల్ మారిస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్న డెమోలో ఎవరూ అడగరు, నాలుగో నెలలో అందరూ అడుగుతారు.

ఉత్పత్తి ఎన్నేళ్లు బతకాలి? పదిహేనేళ్లు సర్వీస్ ఇవ్వాల్సిన పరికరమైతే, పదిహేనో ఏట ఆ టూల్ పాత వెర్షన్ ఏ కంప్యూటర్ మీద తెరుచుకుంటుందో ఇప్పుడే ఆలోచించాలి.

## చేత్తో రాసే సీ

దీన్ని వెనకబాటుతనంగా చూడకండి. మిగతా వాటిని కొలవడానికి గీటురాయి ఇదే. డ్రైవర్లు, బూట్‌లోడర్, ఇంటరప్ట్ హ్యాండ్లర్లు, మెమరీ మ్యాప్ చుట్టూ తిరిగే పని ఏ మోడల్ టూల్ వాడినా చివరికి చేత్తోనే రాస్తారు. సురక్షితంగా సీ రాయడానికి పెట్టిన మిస్రా సీ నియమాలు, కోడ్‌ని నడపకుండానే తప్పులు పట్టే ఒక స్టాటిక్ ఎనలైజర్, యూనిట్ టెస్టులు ఉంటే చాలా చిన్న ఉత్పత్తులకు ఇది పూర్తిగా సరిపోతుంది.

ఇది ఎక్కడ తడబడుతుందో చూడాలంటే ఒక పంపు కంట్రోలర్ తీసుకుందాం. బటన్ నొక్కితే మోటార్ స్టార్ట్ అవ్వాలి. కొన్ని సెకన్లలో నీటి ప్రవాహం కనబడకపోతే ఆగాలి. కాసేపయ్యాక మళ్లీ ప్రయత్నించాలి. మూడుసార్లు విఫలమైతే లాక్ అయిపోవాలి. చాలామంది దీనికి నాలుగు ఫ్లాగులు (అవును/కాదు గుర్తులు) పెట్టుకుంటారు: స్టార్టింగ్, రన్నింగ్, వెయిటింగ్, ఫాల్ట్. నాలుగు ఫ్లాగులంటే 16 కలయికలు. పంపుకి నిజంగా ఉన్న స్థితులు ఐదే: ఆగి ఉంది, స్టార్ట్ అవుతోంది, నడుస్తోంది, వేచి ఉంది, లాక్ అయింది. మిగిలిన 11 కలయికలకు అర్థమే లేదు, కానీ కోడ్ వాటిలోకి వెళ్లకుండా ఆపేదేదీ లేదు. వెయిటింగ్ టైమర్ అయిపోయిన క్షణంలోనే స్టాప్ బటన్ నొక్కితే స్టార్టింగ్, వెయిటింగ్ రెండు ఫ్లాగులూ ఒకేసారి ఆన్ అయి కూర్చోవచ్చు. ఫీల్డ్ నుంచి "అప్పుడప్పుడు ఆగట్లేదు సార్" అని వచ్చే ఫిర్యాదుల మూలం ఎక్కువసార్లు ఆ పదకొండులోనే ఉంటుంది.

దీనికి మందు ఏ టూల్ కొనకుండానే ఉంది. ఫ్లాగులు తీసేసి ఒక్క ఈనమ్ (ఒకసారి ఒక్క స్థితి పేరే పట్టే వేరియబుల్) పెట్టండి. స్థితి, ఈవెంట్, కొత్త స్థితి, చేయాల్సిన పని అని నాలుగు నిలువు వరుసల టేబుల్ రాసి, దాన్ని చదివే పది లైన్ల లూప్ పెట్టండి. అదీ మోడలే. సీలో రాసిన మోడల్. టూల్ కొనాలా వద్దా అన్న చర్చ ఈ పని చేశాక పెట్టుకుంటే సగం సందేహాలు వాటంతటవే తీరిపోతాయి.

ఆ టేబుల్ 60, 70 వరుసలు దాటి, సగం వరుసలు "ఏ స్థితిలో ఉన్నా ఫాల్ట్ వస్తే ఇక్కడికి వెళ్లు" అన్న బాపతువైతే, అప్పుడు చేతి సీ చాలడం లేదన్నమాట.

## స్టేట్‌చార్ట్ టూల్స్

డేవిడ్ హారెల్ స్టేట్‌చార్ట్‌ల మీద పత్రం ప్రచురించింది 1987లో. ఆలోచన అంతకు కొన్నేళ్ల ముందు, ఒక యుద్ధవిమానపు ఏవియానిక్స్ ఇంజనీర్లతో కూర్చుని వాళ్లు చెప్పేది వింటున్నప్పుడు పుట్టింది. ఆయన తెచ్చిన ముఖ్యమైన మార్పు స్థితి లోపల స్థితి. మన పంపులో స్టార్టింగ్, రన్నింగ్, వెయిటింగ్ మూడింటినీ "పనిలో ఉంది" అనే పెద్ద పెట్టెలో పెట్టి, ఆ పెట్టె అంచు నుంచి స్టాప్ బాణం ఒక్కటి గీస్తే చాలు. రేపు నాలుగో స్థితి పెట్టెలో చేర్చినా స్టాప్ దానికీ వర్తిస్తుంది, ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఈ కోవలో క్యూపీ ఫ్రేమ్‌వర్క్, దాని గ్రాఫికల్ జోడీ క్యూఎం, ఐటెమిస్ క్రియేట్, రాప్సొడీ లాంటివి ఉన్నాయి. సిమ్యులింక్ వాడేవాళ్లకు స్టేట్‌ఫ్లో ఉంది. క్యూపీ చిన్న చిప్‌ల మీద కూడా హాయిగా నడుస్తుంది. ఓపెన్ సోర్స్ లైసెన్స్, కమర్షియల్ లైసెన్స్ రెండూ ఉన్నాయి కాబట్టి మీ ఉత్పత్తికి ఏది వర్తిస్తుందో ముందే చదువుకోండి.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. బొమ్మ ఒకటే అయినా అర్థం టూల్‌ని బట్టి మారుతుంది. బయటి పెట్టెకీ లోపలి పెట్టెకీ ఒకే ఈవెంట్ మీద బాణాలున్నాయనుకోండి. సాఫ్ట్‌వేర్ డిజైన్ బొమ్మలకు ప్రామాణిక భాష అయిన యూఎంఎల్ పద్ధతిలో లోపలి స్థితి బాణానిదే గెలుపు. స్టేట్‌ఫ్లోలో పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తారు, బయటి స్థితి బాణం ముందు పరీక్షకు వస్తుంది. యూఎంఎల్ తరహా టూల్స్ ఎక్కువగా ఈవెంట్ వస్తే మేలుకుంటాయి. సిమ్యులింక్ మోడల్‌లో కూర్చున్న స్టేట్‌ఫ్లో చార్ట్ సాధారణంగా ప్రతి శాంపుల్ టైమ్‌కీ మేలుకుంటుంది. ఒక టూల్‌లో గీసిన బొమ్మను ఇంకో టూల్‌లోకి "అలాగే దించేశాం" అని ఎవరైనా అంటే ఆ రెండు విషయాలూ ఎవరు చూశారని అడగండి.

కోడ్ చదవడానికి వీలుగానే ఉంటుంది. లెక్కలు మాత్రం ఇందులో రాయకండి. స్టేట్‌చార్ట్‌లో ఫిల్టర్ ఇరికించిన ప్రాజెక్టులు చూశాను, బాగుచేయడం కన్నా మళ్లీ రాసుకోవడం తేలిక.

## సిమ్యులింక్ తరహా బ్లాక్ డయాగ్రమ్‌లు

లెక్కే కష్టమైన చోట దీనికి సాటి లేదు. అయితే అందరూ అనుకునే కారణం వేరు, అసలు కారణం వేరు. కోడ్ తనంతట తను రావడం ఒక సౌకర్యం మాత్రమే. అసలు లాభం, కంట్రోలర్ పక్కనే మోటార్‌నో బ్యాటరీనో వాల్వ్‌నో మోడల్ చేసి, హార్డ్‌వేర్ చేతికి రాకముందే రెండింటినీ కలిపి నడపగలగడం. దాన్నే ప్లాంట్ మోడల్ అంటారు. ప్లాంట్ మోడల్ రాసే తీరిక గానీ జ్ఞానం గానీ టీమ్‌లో లేకపోతే ఈ టూల్‌కి పెట్టే డబ్బులో సగం నీళ్లలో పోసినట్టే.

టెస్టింగ్ మెట్లు మెట్లుగా నడుస్తుంది. ముందు మోడల్‌ని మోడల్‌గానే నడుపుతారు, అది ఎంఐఎల్. పుట్టిన కోడ్‌ని కంప్యూటర్ మీద నడిపి అదే ఇన్‌పుట్‌కి అదే జవాబు వస్తోందా అని చూస్తే ఎస్ఐఎల్. అదే కోడ్ అసలు ప్రాసెసర్ మీద నడిస్తే పీఐఎల్. అసలు కంట్రోలర్ బోర్డును తెచ్చి, ప్లాంట్‌ని మాత్రం రియల్‌టైమ్ సిమ్యులేటర్‌లో పెడితే హెచ్ఐఎల్. నాలుగు మెట్లకూ అవే టెస్ట్ కేసులు వాడుకోవచ్చు. చేత్తో సీ రాసేవాళ్లకు ఈ సుఖం దొరకాలంటే చాలా కష్టపడాలి.

ఇది ఎంత అవసరమో ఒక చిన్న లెక్కతో చూద్దాం. పీఐ కంట్రోలర్ అంటే కావాల్సిన విలువకీ ఉన్న విలువకీ తేడాని, అంటే ఎర్రర్‌ని, పోగుచేసుకుంటూ కూడా సర్దేది. దాంట్లో ఇంటిగ్రల్ గెయిన్ 0.2, శాంపుల్ టైమ్ 1 మిల్లీసెకను. రెండింటి లబ్ధం 0.0002. ఫ్లోటింగ్ పాయింట్ లేని చిప్ మీద భిన్నాలను పూర్ణాంకాలుగా రాసే 16 బిట్ల క్యూ15 ఫార్మాట్ వాడాలంటే దాన్ని 32,768తో గుణించాలి. 6.5536 వస్తుంది, 7కి సర్దుతాం. అక్కడికే గెయిన్ దాదాపు 7 శాతం పెరిగింది. పర్లేదు, లూప్ తట్టుకుంటుంది. ఇప్పుడు ఎర్రర్‌ని 7తో గుణించి 15 బిట్లు కుడికి జరపండి. ఎర్రర్ 4,681 దాకా ఉన్నంతసేపూ ఫలితం సున్నా! అంటే పూర్తి స్కేల్‌లో 14 శాతం తేడా ఉన్నా ఇంటిగ్రేటర్ కదలదు. అదే ఎర్రర్ మైనస్ అయితే, షిఫ్ట్ కిందివైపుకే సర్దుతుంది కాబట్టి అతి చిన్న ఎర్రర్‌కి కూడా ప్రతిసారీ -1 కలుస్తుంది. ఒక పక్కకి నిద్ర, ఇంకో పక్కకి జారుడు. డబుల్‌లో, అంటే 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్‌లో నడిచే మోడల్‌లో ఇదేదీ కనబడదు, గ్రాఫ్ చక్కగా సెట్‌పాయింట్ మీద వాలుతుంది. 32 బిట్ల అక్యుమ్యులేటర్ పెడితే సరిపోయే సమస్య, కానీ పెట్టాలని తెలియాలి కదా. మోడల్‌లోనే డేటా టైపులు ఫిక్స్‌డ్ పాయింట్‌గా మార్చి మళ్లీ నడిపితే బోర్డు ముట్టుకోకుండానే ఇది బయటపడుతుంది.

సంఖ్యల రూపం చిన్న విషయమని తీసిపారేసేవాళ్లకు 1991 ఫిబ్రవరి 25 గుర్తుచేయాలి. సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో ప్యాట్రియాట్ రక్షణ వ్యవస్థ వచ్చే క్షిపణిని పట్టుకోలేకపోయింది. సెకనులో పదో వంతును 24 బిట్లలో కచ్చితంగా రాయలేకపోవడం వల్ల, సుమారు 100 గంటలు ఆపకుండా నడిచేసరికి గడియారం సెకనులో మూడో వంతు తప్పింది. 28 మంది సైనికులు చనిపోయారు.

ఇక ఇబ్బందులు. లైసెన్సులు ముక్కలు ముక్కలుగా అమ్ముతారు: మాట్‌ల్యాబ్ వేరు, సిమ్యులింక్ వేరు, స్టేట్‌ఫ్లో వేరు, ఎంబెడెడ్ కోడర్ వేరు, ఫిక్స్‌డ్ పాయింట్‌కి ఇంకోటి. మీకు కావాల్సిన మొత్తం పట్టీ రాయించుకుని ధర అడగండి, మొదటి కొటేషన్ చూసి సంబరపడకండి. ఎస్ఎల్ఎక్స్ ఫైల్ లోపల ఉండేది జిప్ చేసిన ఎక్స్ఎంఎల్, కాబట్టి గిట్ మామూలు డిఫ్ దేనికీ పనికిరాదు. టూల్‌తో వచ్చే పోలిక సాధనం వాడాలి. ఆచరణలో జనం చేసేదేమిటంటే, మోడల్‌ని చిన్నచిన్న రిఫరెన్స్ మోడల్స్‌గా చీల్చి "ఈ ఫైల్ నాది" అని పంచుకుంటారు. కొత్తవాళ్లు చేసే తప్పు ఇంకోటుంది: ఇఫ్-ఎల్స్ గొలుసులను కూడా స్విచ్ బ్లాకులతో గీయడం. సీలో ఆరు లైన్లు రాస్తే అయ్యేదానికి స్క్రీన్ నిండా తీగలు అల్లుతారు.

ఉచితంగా కావాలంటే సైల్యాబ్‌లోని ఎక్స్‌కాస్, ప్లాంట్ మోడలింగ్‌కి ఓపెన్‌మోడెలికా ఉన్నాయి. నేర్చుకోవడానికి, సిమ్యులేషన్‌కి మంచివి. మైక్రోకంట్రోలర్‌కి ఉత్పత్తి స్థాయి కోడ్ కావాలంటే మాత్రం వీటి మీద భారం వేయమని నేను చెప్పను.

## స్కేడ్, లుస్ట్రె

స్కేడ్ చూడటానికి సిమ్యులింక్ లాగే ఉంటుంది, స్వభావం వేరు. దీని వేరు లుస్ట్రె అనే భాష, 1980లలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పాల్ కాస్పి, నికొలా హాల్బ్‌వాక్స్ బృందం తయారుచేసింది. ప్రతి టిక్‌కీ ఇన్‌పుట్‌లన్నీ చదవడం, సమీకరణాలన్నీ లెక్కకట్టడం, అవుట్‌పుట్‌లన్నీ రాయడం, అంతే. నడుస్తుండగా కొత్తగా మెమరీ అడగడం లేదు, రికర్షన్ లేదు, ఎప్పటికి ముగుస్తుందో తెలియని లూప్ లేదు. ఒక విలువ అదే టిక్‌లో తన మీద తనే ఆధారపడితే కంపైలర్ ఒప్పుకోదు. కొత్తలో ఈ కట్టుబాట్లు చేతులు కట్టేసినట్టు అనిపిస్తాయి. గరిష్ఠ సమయం లెక్కకట్టాల్సి వచ్చిన రోజు అవే ప్రాణం కాపాడతాయి.

స్కేడ్‌కి డబ్బు పెట్టేది దాని కోడ్ జనరేటర్ కేసీజీ కోసం. డీఓ-178సీలో అత్యంత కఠినమైన లెవెల్ ఏ దాకా క్వాలిఫై చేసుకోవడానికి తగిన సాక్ష్యాలతో వస్తుంది. క్వాలిఫైడ్ జనరేటర్ వాడితే, పుట్టిన కోడ్ మోడల్‌కి తగ్గట్టుందా అని మనుషులు కూర్చుని లైన్ లైన్ రివ్యూ చేసే పని చాలావరకు తప్పుతుంది. ఎయిర్‌బస్ విమానాల ఫ్లైట్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో దీని వాడకం అందరికీ తెలిసినదే. సిమ్యులింక్‌తో కూడా సర్టిఫికేషన్ సాధించవచ్చు, సాధిస్తున్నారు. తేడా ఏమిటంటే అక్కడ పుట్టిన కోడ్‌ని వేరే టూల్‌తో తనిఖీ చేసి రుజువు చూపాలి, ఇక్కడ జనరేటర్ మీదే నమ్మకం నిలబెడతారు.

ప్లాంట్ మోడలింగ్‌లో ఇది బలహీనం. అందుకే చాలాచోట్ల కంట్రోల్ ఇంజనీర్లు సిమ్యులింక్‌లో డిజైన్ చేసి, సాఫ్ట్‌వేర్ వాళ్లు స్కేడ్‌లో మళ్లీ రాస్తారు. రెండు మోడల్స్ ఉన్నాయంటే రెండూ వేరవడానికి ఒక సందు ఉన్నట్టే. సర్టిఫికేషన్ లేని ప్రాజెక్ట్‌కి స్కేడ్ కొనడం నాకు తెలిసి ఎప్పుడూ గిట్టుబాటు కాదు.

## అమరిక మోడల్స్: సిస్‌ఎంఎల్, ఏఏడీఎల్, ఆటోసార్

వీటిని పైవాటికి పోటీగా చూడకండి, పక్కన పెట్టుకునేవిగా చూడండి. 1996 జూన్ 4న ఏరియాన్ 5 తొలి రాకెట్ సుమారు 40 సెకన్లకే నాశనమైంది. 64 బిట్ల ఫ్లోటింగ్ విలువను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోతే అందులో పట్టక పొంగిపోయింది. ఆ సాఫ్ట్‌వేర్ ఏరియాన్ 4 నుంచి వచ్చింది, అక్కడ ఆ విలువ ఎప్పుడూ అంత పెద్దదయ్యేది కాదు. లోపల లాజిక్ చెడిందని అనలేం, ఒక భాగం ఏ హద్దుల మధ్య పనిచేస్తుందన్న సంగతి దాన్ని తీసుకున్నవాళ్ల ముందుకు రాలేదు. హద్దులు, యూనిట్లు, రేట్లు, ఆలస్యాలు రాసిపెట్టడానికే అమరిక మోడల్ ఉన్నది.

1997లో మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద మాటిమాటికీ రీసెట్ అయింది ఇంకో రకం కారణంతో. తక్కువ ప్రాధాన్యం ఉన్న టాస్క్ తాళం పట్టుకుని కూర్చుంటే, మధ్యస్థ ప్రాధాన్యం టాస్క్ దాన్ని పక్కకు తోసి నడుస్తూ పోయింది, ఎక్కువ ప్రాధాన్యం టాస్క్ నోరెళ్లబెట్టుకు చూస్తూ ఉండిపోయింది. తాళం పట్టుకున్న టాస్క్‌కి తాత్కాలికంగా ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చే ప్రయారిటీ ఇన్హెరిటెన్స్ ఆన్ చేసి సరిచేశారు. బ్లాక్ డయాగ్రమ్‌లో టాస్కులూ తాళాలూ కనబడవు. టాస్కులు, ప్రాసెసర్ల అమరికను వర్ణించే భాష ఏఏడీఎల్‌లో కనబడతాయి. టాస్కుల పీరియడ్, డెడ్‌లైన్, ప్రాసెసర్ రాసి షెడ్యూల్ సరిపోతుందో లేదో లెక్కించవచ్చు. ఓసేట్ అనే ఓపెన్ సోర్స్ టూల్ దీనికి ఉచితం.

కార్ల సాఫ్ట్‌వేర్ నిర్మాణానికి పరిశ్రమ ప్రమాణమైన ఆటోసార్ ఎంచుకునేది కాదు, కారు కంపెనీ అడిగితే వాడేది. సిస్‌ఎంఎల్ విషయంలో రెండో వెర్షన్‌కి టెక్స్ట్ రూపం కూడా వచ్చింది, అంటే మామూలు డిఫ్ పనిచేస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాన్నే చూడండి.

## తప్పు వెతికే మోడల్స్: స్పిన్, టీఎల్ఏ ప్లస్, ఉప్పాల్

వీటిని మోడల్ చెకర్లు అంటారు. స్పిన్, టీఎల్ఏ ప్లస్ ఉచితం, ఉప్పాల్‌కి వాణిజ్య వాడకంలో లైసెన్స్ కావాలి. పనిదినాలు కొన్ని, ఫలితం ఒక్కోసారి భయం పుట్టిస్తుంది. రెండు బోర్డులు బస్ మీద మాట్లాడుకుంటూ ఒకే వాల్వ్‌ని పంచుకుంటున్నాయనుకోండి. ఒక సందేశం పోయి, అదే సమయంలో ఒక బోర్డు రీసెట్ అయితే ఇద్దరూ వాల్వ్ నాదే అనుకుంటారా? బల్ల మీద టెస్ట్ చేస్తే అలాంటి కలయిక నెలల తరబడి రాకపోవచ్చు. మోడల్ చెకర్ సాధ్యమయ్యే వరుసలన్నీ తిరిగి చూసి, తప్పు జరిగే దారిని అడుగడుగునా చూపిస్తుంది. టైమ్‌అవుట్‌లే ముఖ్యమైతే ఉప్పాల్, సందేశాల వరుస ముఖ్యమైతే స్పిన్ లేదా టీఎల్ఏ ప్లస్. కోడ్ రాదు కాబట్టి మోడల్‌కీ కోడ్‌కీ పొంతన చూసుకోవడం మీ బాధ్యతే.

## ఒకే చోట చూస్తే

| ఎంపిక | కష్టం ఎక్కడుంటే | కోడ్ వస్తుందా | డిఫ్, మెర్జ్ | ఖర్చు |
|---|---|---|---|---|
| చేతి సీ, టేబుళ్లు | డ్రైవర్లు, చిన్న లాజిక్ | మీరే రాస్తారు | సులువు | తక్కువ |
| స్టేట్‌చార్ట్ టూల్స్ | మోడ్‌లు, రికవరీ | వస్తుంది | టూల్‌ని బట్టి | సున్నా నుంచి మధ్యస్థం |
| సిమ్యులింక్ తరహా | కంట్రోల్, సిగ్నల్ లెక్కలు | వస్తుంది | కష్టం | ఎక్కువ |
| స్కేడ్ | పై స్థాయి సర్టిఫికేషన్ | క్వాలిఫైడ్ కోడ్ | కష్టం | చాలా ఎక్కువ |
| సిస్‌ఎంఎల్, ఏఏడీఎల్ | భాగాల కలయిక, టైమింగ్ | ప్రధానంగా రాదు | టెక్స్ట్ అయితే సులువు | సున్నా నుంచి ఎక్కువ |
| మోడల్ చెకర్లు | ఒకేసారి నడిచేవాటి పొత్తు | రాదు | సులువు | డబ్బు కన్నా ఎక్కువగా సమయం |

## ఎవరికి ఏది

ఒకరో ఇద్దరో ఉన్న టీమ్, సర్టిఫికేషన్ లేదు, చిన్న చిప్: చేతి సీ, టేబుల్ స్టేట్ మెషీన్. టేబుల్ పెరిగితే క్యూఎం లాంటిది. ఇక్కడ సిమ్యులింక్ కొనాలనే కోరిక పుడితే ఆ డబ్బుతో మంచి లాజిక్ ఎనలైజర్ కొనుక్కోండి, రోజూ పనికొస్తుంది.

కంట్రోల్ ఇంజనీర్లు ఎక్కువున్న టీమ్ అయితే వాళ్లు ఎలాగూ మోడల్‌లోనే ఆలోచిస్తారు. వాళ్ల మోడల్ చూసి ఇంకొకరు సీలోకి ఎత్తిరాయడం మానేయండి. ఆ ఎత్తిరాతలోనే ప్లస్‌లు మైనస్‌లవుతాయి. మోడల్ నుంచే కోడ్ తీయండి, కానీ మోడల్ సరిహద్దు గట్టిగా గీయండి: లోపల లెక్కలు, బయట డ్రైవర్లు. జనరేట్ అయిన ఫోల్డర్‌ని చేత్తో మార్చితే బిల్డ్ సర్వరే ఆగిపోయేలా పెట్టండి. మా కాలిన బోర్డుల తర్వాత మేం పెట్టుకున్న నియమం అది. దాంతోపాటు ఒక లైసెన్స్‌ని ఎమర్జెన్సీకి విడిగా ఉంచాం, నియమం ఒక్కటే అయితే ఎవరో ఒకరు దొడ్డిదారి వెతికేవారు.

విమానం, రైలు సిగ్నలింగ్ లాంటి పై స్థాయి భద్రత ఉన్న పనులకు స్కేడ్‌నీ, తనిఖీ టూల్స్‌తో కూడిన సిమ్యులింక్‌నీ రెండింటినీ మీ సర్టిఫికేషన్ అధికారితో ముందే చర్చించండి. ఆయన ఇదివరకు ఒప్పుకున్న దారి మీకు చవకైన దారి.

ఉన్న పాత సీ కోడ్‌ని మొత్తం మోడల్‌లోకి మార్చాలనుకునేవాళ్లకు నా సలహా వద్దనే. ఎక్కువసార్లు బగ్ వచ్చే ఒక్క మాడ్యూల్ తీసుకుని దాన్ని మాత్రం మార్చండి. మిగతాది పనిచేస్తుంటే పనిచేయనివ్వండి.

ఇంకా తేలకపోతే రెండు వారాలు ప్రయోగం పెట్టండి. తేలికైన మాడ్యూల్ ఇస్తే ప్రతి టూల్ అందంగానే కనిపిస్తుంది, అందుకే మీ దగ్గరున్న వికారమైనదాన్ని ఇవ్వండి. కోడ్ సైజు, ర్యామ్, అసలు చిప్ మీద గరిష్ఠ సమయం కొలవండి. మోడల్‌లో ఒక్క స్థిరాంకం మార్చి కోడ్ మళ్లీ తీయండి. డిఫ్‌లో ఒక లైన్ మారిందా, నాలుగొందల లైన్లు మారాయా చూడండి. ఇద్దరు మనుషులకు ఒకే మోడల్‌లో రెండు మార్పులు ఇచ్చి సాయంత్రానికి కలపమనండి. చివరి రోజు, ఆ టూల్ ఎప్పుడూ చూడని ఒకరిని కూర్చోబెట్టి, ఖాళీ కంప్యూటర్ మీద మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసి, రిపాజిటరీ నుంచి దించి, అదే బైనరీ మళ్లీ తెమ్మనండి. మధ్యలో ఎన్నిసార్లు లేచి వచ్చి మిమ్మల్ని అడిగారో ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి.